గుల్లలు గీకిన డ్రమ్ము

మార్చి 9, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ మేం బాగున్నాం. మీ బావగారి మోకాలు ఇప్పుడిప్పుడే మెట్లెక్కనిస్తోంది. నువ్వూ మరదలూ ఎలా ఉన్నారో తెలియదు. ఏడాదిగా నీ ఫోన్ ఎత్తనిది నేనే కాబట్టి నిన్నని లాభం లేదు. అలల నుంచి కరెంటు తీసే మా పరిశోధనలో ఫలితం కనబడలేదు, ఇక ప్రభుత్వ సొమ్ము దండగ అని ఆర్థికశాఖలో కూర్చుని సొంత అక్క ఫైలు మీద రాసినవాడితో ఏం మాట్లాడమంటావు?

నీ పుణ్యమా అని మొన్న సోమవారం కమిటీ దిగింది. వాళ్లు కాదంటే యూనివర్సిటీ మా ల్యాబుకు తాళం వేస్తుంది, నా విద్యార్థులు తలో దిక్కూ పోతారు. అయినా నాకేం బెదురు లేదు. రెండేళ్లుగా మా డ్రమ్ము సముద్రంలో తేలుతూ, అలకు లేచి పడుతూ జెట్టీ మీది దీపాలను వెలిగిస్తూనే ఉంది.

తీరా మీట నొక్కితే దీపాలు మిణుకుమని ఊరుకున్నాయి. కమిటీ పెద్దాయన వాచీ చూసుకున్నారు. డ్రమ్ము వైపు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది. తనిఖీ అంటే చాలు, మనవాళ్లకు రంగుల పిచ్చి పట్టుకుంటుంది. నాకు చెప్పకుండా దానికి పట్టిన గుల్లలూ నాచూ అంతా గీకేసి, పసుపు రంగు పూసి పెట్టారు. మేం దాన్ని నెలల తరబడి ఆ గుల్లల బరువుతో సహా అలల ఊపుకు సర్దుకుంటూ వచ్చాం. బరువు పోయేసరికి అది అలతో కలవకుండా తన మానాన తాను గంతులేస్తోంది.

గీకిన గుల్లలు జెట్టీ పక్కనే కుప్పగా పడి ఉన్నాయి, కంపు కొడుతూ. వాటినే బస్తాల్లో నింపించి డ్రమ్ము మీద కట్టించాను. కమిటీలో ఒకావిడ ముక్కు మూసుకునే నిలబడింది. దీపాలు కుదురుగా వెలిగాయి.

ఎవరు గీకించారని పెద్దాయన అడిగితే నేనేనన్నాను. ల్యాబు నాది, తప్పూ నాదే. సముద్రంలో ఏ యంత్రం పెట్టినా గుల్లలు పడతాయి, ఎంత పడితే ఎంత తేడా వస్తుందో ఏళ్లకేళ్లు చూసే ఓపిక కంపెనీలకు ఉండదు, చూసినా గుట్టుగా దాచుకుంటాయి, మేం చూసి అందరికీ చెబుతాం, జనం సొమ్ము అడిగేది అందుకేనన్నాను. నిన్న కబురొచ్చింది. మరో ఐదేళ్లు ఇస్తున్నారు. మొదటి పని ఆ గుల్లల మీదే.

నీ రాత తప్పని తేలింది. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇట్లు,
అక్క

తా.క. అబద్ధం, అందుకు కాదు. గీకమన్నదెవరని మా స్టోర్‌కీపర్‌ని నిలదీస్తే చెప్పాడు. నేను నీ ఫోన్ ఎత్తనని అతనికి చేశావట. కమిటీవాళ్లకు శుభ్రం లేకపోతే గిట్టదు, అన్నీ తళతళలాడాలి, అక్క ల్యాబు ఎలాగైనా నిలబడాలి, నేను చెప్పానని మాత్రం ఆమెకు తెలియనివ్వకు అన్నావట. నిలువునా ముంచబోయావు కదరా. ఈసారి సాయం చేయాలనిపిస్తే ఫోన్ నాకే చెయ్యి. ఎత్తుతాను.