మీ సైకిలు సీటు దించాం

ఆనందు వాళ్ళ నాయినా, మీ మోకాళ్ళ నొప్పి అక్కడైనా తగ్గిందా? మీ అమ్మకు చూపు ఎలా ఉంది? మీకంటే ముందే వెళ్ళిపోయిన మన చిన్నబిడ్డ బాగుందా? ఇక్కడ నాకు బీపీ ఒక్కటే, మిగతా అంతా క్షేమం.

మీకు చివరిరోజుల్లో మంచం దొరకక చాప వేసిన ఆ క్షయ వార్డుకు మంచాలు కొనిద్దామని, చందాల కోసం మన చర్చి వాళ్ళు వరంగల్లు నుంచి హైదరాబాదుకు సైకిళ్ళ మీద బయలుదేరారు. మన ఆనందు మీ సైకిలు బయటికి తీశాడు.

"అమ్మా, కాళ్ళందుతలేవు. జర సీటు దించుతనే."

"మీ నాయిన ఎత్తుకు పెట్టుకున్న సీటురా అది. ముట్టకు."

"నన్ను పొట్టిగ కన్నది నువ్వే గదనే!"

ఏడేళ్ళుగా బిగిసిపోయిన బోల్టుకు కొబ్బరినూనె పోసి, హ్యాండిలు నేనే పట్టుకున్నాను. వాడు రెండు వేళ్ళంత దించాడు.

లారీలు గుద్దుతాయేమో, ఎండకు పడిపోతాడేమో అని ఫికర్‌తో స్టేషన్ ఘన్‌పూర్ దాకా బస్సెక్కి వెంటపోయాను. బస్సు వాళ్ళను దాటుతుంటే వాడి మొహం సరిగా కనపడలేదు గానీ, కాళ్ళు కనిపించాయి. పెడళ్ళకు చక్కగా అందుతున్నాయి.

క్షేమంగా తిరిగొచ్చాక సీటు మళ్ళీ పైకి లేపుతానన్నాడు. నేనే వద్దన్నాను. ఇకమీదట పిల్లలకు పాఠాలు చెప్పడానికి దాని మీదే బడికి పొమ్మన్నాను.

మీ దగ్గరికి కూడా దాని మీదే వస్తాం. వాడి వెనక క్యారియరు మీద కూర్చోవాలంటే భయమే, అయినా కూర్చుంటాను. సమాధుల పండుగ నాడు, నవంబరు రెండో తారీఖు, సాయంత్రం నాలుగింటికి.