చివరి వరస మాత్రలు

డిసెంబర్ 1

ఈ ఏడు జెండా నాదే. మా సాంబా డాన్సు బృందం మొత్తానికి జెండా పట్టేది ఒక్కతే. ఆరేళ్ళు రెండో మనిషిగా తిరిగాక నా వంతు వచ్చింది. తెల్ల గౌను, ముప్ఫై కిలోలు. కార్నివాల్ ఊరేగింపు ఫిబ్రవరి పదిహేనున. లెక్కేస్తే సరిగ్గా నెలసరి మొదటి రోజు. ఆ రోజు నేను నిలబడను కూడా లేను.

నెలసరి వెనక్కి జరపాలంటే హెల్త్ సెంటర్ నర్సు నవ్వింది. కార్నివాల్‌కి సగం ఊరు ఇదే చేస్తుందిలే అంది. కడుపు రాకుండా వేసుకునే మాత్రలు ఐదు అట్టలిచ్చింది. అట్టకి నాలుగు వరసలు, వరసకి ఏడు మాత్రలు. మూడు వరసలే మందు. నాలుగోది ఉత్త చక్కెర, నెలసరి రావడానికి. చూడ్డానికి అన్నీ ఒకటే. చివరి వరస పారేసి మర్నాడే కొత్త అట్ట మొదలెట్టు, రోజూ ఒకే టైముకి వేసుకో, మధ్యలో కాస్త మరకలు కనిపిస్తే కంగారుపడి మానెయ్యకు అంది.

నాకు మతిమరుపు. అట్టలు అత్తమ్మ చేతిలో పెట్టాను.

డిసెంబర్ 2, ఉదయం 6

కాఫీ. సాసర్లో మాత్ర. అత్తమ్మ తెచ్చి ఇచ్చింది.

మా అత్తమ్మ దోనా జుల్మీరా గయ్యాళి అని వీధంతా అంటుంది. నాకు మాత్రం కన్నతల్లి కన్నా ఎక్కువ. జెండా తిప్పడం నేర్పిందీ ఆవిడే. మా ఆయన వల్దెసీ కడుపున పడ్డప్పుడు ఆవిడ జెండా ఇంకొకరికి ఇచ్చేసింది. మళ్ళీ చేతికి రాలేదు.

డిసెంబర్ 22

మొదటి అట్ట అయింది. చివరి వరస చెత్తలో పడేశాను. రక్తం లోపల నిలిస్తే తలకెక్కుతుంది అమ్మాయ్ అంది అత్తమ్మ. ఎక్కితే నీ అంత తెలివొస్తుందిలే అన్నాను. నవ్వలేదు.

జనవరి 15

మరకలు కాదు, ఏకంగా నెలసరే. నర్సు మాట తలుచుకుని ఊరుకున్నాను. అత్తమ్మ వేడినీళ్ళ సీసా తెచ్చి కడుపు మీద పెట్టింది.

జనవరి 25

గౌనుతో మొదటి ప్రాక్టీసు. బయల్దేరే ముందు జెండా అంచు పాతవాళ్ళకి అందించాలి, వాళ్ళు ముద్దు పెట్టుకుంటారు. మొదట నీకే అని అత్తమ్మతో చెప్పాను. కళ్ళు తుడుచుకుంది.

వల్దెసీ ఈమధ్య డ్యూటీ దిగి నేరుగా ఇంటికొస్తున్నాడు. పెళ్ళైన కొత్తల్లోలా ఉన్నాం.

ఫిబ్రవరి 2

గౌను కొక్కెం ఊడింది. సూది కోసం బిస్కెట్ డబ్బా తెరిచాను. దారపు ఉండల కింద మూడు అట్టలు. పై మూడు వరసలూ నిండుగా ఉన్నాయి. చివరి వరస ఒక్కటే ఖాళీ. మూడు అట్టల్లోనూ. అంటే సాసర్లో నాకు పెట్టింది ఉత్త చక్కెర.

ఎందుకు చేశావ్ అని అడిగాను. దాచలేదు. రక్తం బయటికి పోవాలిగా, నీ మంచికే చేశాను అమ్మాయ్ అంది. నిజమే అనిపించింది కూడా. ఆవిడకి ఆ పిచ్చి ఉంది. దాదాపు క్షమించేశాను.

తర్వాత లెక్క అందింది. మూడు వరసలంటే మూడు వారాలు, రక్తానికి ఒక వారం చాలు. మరి మిగతా రెండు వారాలు ఎందుకు అన్నాను.

ఆవిడ గుమ్మంలో ఉన్న కొడుకు వైపు చూసింది. వాడు నా వైపు చూడలేదు. నీకు ముప్ఫై నాలుగొచ్చాయి, ఇంకెప్పుడు కంటావే అంది చివరికి. జెండా పోతే ఎలా ఉంటుందో నాకన్నా బాగా తెలిసిన మనిషి.

ఫిబ్రవరి 3

ఇప్పుడు టెస్టు చేసినా తేలదట. కార్నివాల్ అయ్యాక రమ్మంది నర్సు, అప్పటిదాకా మాత్రలు ఆపమంది. కడుపైతే ముప్ఫై కిలోలతో గిరగిరా తిరగనిచ్చేదెవరు, అందుకే బృందంలో నోరు విప్పలేదు. ఇంట్లో ఇద్దరూ నన్ను గాజు గ్లాసులా చూసుకుంటున్నారు. రోత పుడుతోంది.

ఫిబ్రవరి 9

కాఫీ నేనే పెట్టుకుంటున్నాను. ఆరింటికి సాసర్ ఖాళీగా బల్ల మీద పెడుతుంది ఆవిడ. ఎందుకో.

ఫిబ్రవరి 15

పొద్దున్నే నెలసరి వచ్చింది. ఏ రోజు రాకూడదని ఇంత తంటాలు పడ్డానో ఆ రోజే. నొప్పికి గోడ పట్టుకుని నవ్వాను. ఇంట్లో చెప్పలేదు.

తెల్ల గౌనులోనే తిరిగాను.

బయల్దేరే ముందు అత్తమ్మ అందరికన్నా ముందు నిలబడి తల వంచింది. జెండా అంచు ఆవిడ పక్కనున్నామెకి అందించాను. ఆవిడ వంచిన తల వంచినట్టే ఉంది.