కరెంటు పోయిందని తెలియని ఆఫీసు

డిసెంబరు 2015, మంగళవారం

గెలిచాను! మున్సిపల్ ఆఫీసులో కిటికీలకి అడ్డంగా పెట్టిన బీరువాలు జరిపించమని హెడ్ క్లర్కు అప్పారావు గారితో ఎన్నాళ్లు పోట్లాడానో. పట్టపగలు లైట్లెందుకండీ అంటే, "ఇంజినీరమ్మా, ఎండ తగిల్తే ఫైళ్లు ఎలిసిపోతాయి" అనేవారు. నిన్న పట్టుబట్టి జరిపించేశాను.

ఈరోజు టీకొట్టు సింహాచలం లోపలికొచ్చాడు. "ఏటమ్మా, కరెంటు పోయి గంటయినాది. టీకి ఎవులూ రానేదేటి?"

అప్పారావు గారు ఫైల్లోంచి తలెత్తి, ఆరిపోయిన ట్యూబులైట్ల వైపు చూశారు. "పోనాదేటి?"

గది గదంతా నవ్వు!

వేసవిలో వడగాలి కొడితే ఆ కిటికీలు మళ్లీ మూసేస్తారేమో, బీరువాలు వెనక్కి తెచ్చేస్తారేమో...

కానీ మధ్యాహ్నం కరెంటొచ్చి లైట్లన్నీ వెలిగాయి. ఎవరూ చెప్పకుండానే అప్పారావు గారు లేచెళ్లి కట్టేశారు.