పేలదువ్వెన కూలర్

చిలకలూరిపేట,
ఫిబ్రవరి 2004.

అన్నయ్యకు,

నీ చెల్లెలు శ్రీరమ్య రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ కులాసా, నువ్వు పంపిన కూలర్‌కే బాగాలేదు. ఫోనులో అయితే నన్ను మాట్లాడనివ్వవు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గింది. నేను వద్దంటున్నా వినకుండా పక్కింటి కోటిరత్నంగారితో పెదకాకాని గుడికి వెళ్ళొచ్చింది.

ఇక కంప్యూటర్ ప్రాసెసర్ మీద బిగించే నీ కూలర్ గురించి నీ ప్రశ్నలు. బిగించడం తేలికే, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. చప్పుడు లేదు. ప్రాసెసర్‌తో పాటు వచ్చే కూలర్ కంటే బాగా చల్లబరుస్తోంది, అదీ నా రిపేరు షాపులో తలుపులు వేసి చూసినప్పుడు. నీ మొదటి డిజైన్, మెచ్చుకోకుండా ఉంటానా? కానీ జిన్నింగ్ మిల్లు ఆఫీసులో పెడితే సాయంత్రానికే కంప్యూటర్ కీచుమని అరిచి ఆగిపోయిందని పోయినసారే రాశాను. ఫ్యాన్ కింద వేడి లాగే రేకు రెక్కలు పేలదువ్వెన పళ్ళంత దగ్గరగా పెట్టావు. గాల్లో ఎగిరే పత్తినూగంతా వాటిలో ఇరుక్కుంటోంది. తుడుద్దామంటే ఫ్యాన్ విడిగా ఊడి రాదు, కూలర్ మొత్తం పీకి, కింద ప్రాసెసర్ మీద పేస్టు మళ్ళీ రాయాలి.

మిల్లు గుమాస్తా బాబ్జీ క్యాబినెట్‌కి గుడ్డ చుట్టాడు కాబట్టి తప్పు వాళ్ళదేనని జవాబిచ్చావు. నిజమే, చుట్టాడు. "నూగు పోకుండా పచ్చడి జాడీకి కట్టినట్టు వాసెన కట్టానండి, తప్పా?" అన్నాడు పాపం. గుడ్డ తీసేయించి మళ్ళీ చూశాను, అయినా ఆగింది. వాసెన కట్టడం అతని తప్పయితే, కట్టాల్సిన అవసరం తెచ్చింది నువ్వు. ఈ పేటలోనే పుట్టి, చొక్కా మీద నూగు దులుపుకుంటూ కాలేజీకి వెళ్ళినవాడివి. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చోగానే గాలి అన్నిచోట్లా శుభ్రంగా ఉంటుందనుకున్నావా? నీ జవాబు చదివి నాకు ఒళ్ళు మండింది.

"మా యజమాని ఈ కూలర్లు వేలల్లో తయారుచేయడానికి అచ్చులు చేయించబోతున్నారు, మిల్లులో బాగా పనిచేసిందని నీ షాపు పేరు మీద రెండు ముక్కలు రాసివ్వు, లేకపోతే నా ఉద్యోగం ఉండదు" అన్నావు. రాయను. ఈ రోడ్డు పొడుగునా మిల్లులవాళ్ళు నా మాట నమ్మి సామాను కొంటారు. ఎండాకాలంలో వాళ్ళ కంప్యూటర్లు చెడిపోతే నా గుమ్మంలోకి వచ్చి అరుస్తారు గానీ నిన్ను వెతుక్కుంటూ రారు.

ఇప్పుడు అసలు సంగతి. కోప్పడతావు, పడు. నీ కూలర్ రెక్కల్ని ఒకటి విడిచి ఒకటి నోస్‌ప్లయర్‌తో పట్టి పీకేశాను. చల్లదనం కొంచెం తగ్గింది. కానీ అదే మిల్లులో, గుడ్డా గిడ్డా ఏమీ లేకుండా, వారమంతా ఆగకుండా నడిచింది. నూగు గాలితో పాటే బయటికి పోతోంది. ఆ పీకిన కూలర్ని నీకు పంపితే బీరువాలో దాచేస్తావని తెలుసు. అందుకే నిన్న బస్సు పార్సిల్లో నేరుగా మీ యజమానికే పంపించాను. "గీసింది మా అన్నయ్య, పీకింది నేను. అచ్చులు చేయించేముందు ఒకసారి మా ఊరి మిల్లుకు వచ్చి చూడండి" అని చీటీ పెట్టాను.

ఆయన వస్తానంటే నువ్వూ వెంట రా. నిన్ను తీసేస్తానంటే నాకు చెప్పు, పోట్లాడటానికి నేనే వస్తాను. నీ కూలర్ బాగయ్యేదాకా "బాగుంది" అని మాత్రం నా చేత రాయించలేవు.

ఇట్లు,
నీ మాట వినని చెల్లెలు,
శ్రీరమ్య