దాలమ్మత్త అడగని ప్రశ్న

సెక్టర్ 2, భిలాయి
శుక్రవారం

దాలమ్మత్తకు,

మరోదా బస్తీలో మీ ఇంటికి మూడుసార్లు వచ్చాను. మీరు తలుపు తీయలేదు. అందుకే ఈ ఉత్తరం మీ అమ్మాయి సాయిప్రియ చేతికిస్తున్నాను.

పెద్దవాళ్ళ కోసం పెట్టిన ఆ యూనివర్సిటీలో మిమ్మల్ని చేర్పించింది నేనే. కష్టపడేవాళ్ళే నోరు విప్పాలని కరపత్రాలు చదివి వినిపించిందీ నేనే. ఆదివారం అక్కడికొచ్చిన రచయిత్రి ప్రసంగం అయ్యాక మీరు మైకు పట్టుకుని నిలబడ్డారు. హిందీ తడబడింది. ఆవిడ గడియారం చూసుకుంటూ, "జల్దీ పూఛియే, అమ్మా" అని త్వరగా అడగమంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మీ చేతిలోంచి మైకు లాక్కుని, హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీ షెడ్లలో ఇనుము మోసే ఆడవాళ్ళ బతుకు గురించి పది నిమిషాలు అరిచాను. అందరూ చప్పట్లు కొట్టారు. టైమైపోయిందని సభ ముగించేశారు.

గేటు దగ్గర మీరు అడిగారు: "నాకు నోరు లేదేటి బాబూ, నువ్వు మాట్లాడీసినావు?"

అప్పుడూ మీకే నచ్చజెప్పబోయాను.

ఆ ఒక్క ప్రశ్న కోసం మీరు వారమంతా రొట్టెలు కాలుస్తూ హిందీలో వల్లించుకున్నారట. పుస్తకాలు కూడా యూనివర్సిటీ ఆఫీసులో తిరిగి ఇచ్చేశారట. సాయిప్రియ నిన్న చెప్పింది. ఆ రచయిత్రి మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నా మీద నాకు అసహ్యమే మిగిలింది. ఇక అక్కడికి నేను రాను, మీరు నా మొహం చూడక్కర్లేదు.

అమ్మ ఏం అడగాలనుకుందని సాయిప్రియని అడిగాను.

"అమ్మనే అడగాల భయ్యా. నువ్వు ఎప్పుడైనా అడిగినావేటి?" అంది.

అడగలేదత్తా.

పరీక్ష ఫారానికి రేపే ఆఖరు. ఐదింటిలోపు వెళ్ళండి.