కూతకెళ్లిన పాప

ఆదివారం

పాపను క్రికెట్ కోచింగ్‌లో చేర్పిద్దామని గోపాలపట్నం గ్రౌండుకి తీసుకెళ్లాను. అది పక్కన కబడ్డీ ఆడే అమ్మాయిల దగ్గరే నిలబడిపోయింది.

“నాను ఇదే ఆడతానమ్మా.”

“కబడ్డీకి ఏటి విలువుందే? దేశమంతా క్రికెట్టే సూత్తాది.”

“నువ్వు ఆడినప్పుడు ఎవరు సూసీవోరు మరి?”

నాన్న. పద్మనాభం స్కూల్లో నేను కబడ్డీ కబడ్డీ అంటూ కూతకెళితే, పొలం బురద కాళ్లతోనే గీత పక్కన కూర్చుని, నేను తిరిగొచ్చేదాకా తనూ ఊపిరి బిగబట్టేవాడు. అయినా ఫారంలో క్రికెట్ అనే రాసేశాను. రేపు ఇవ్వాలి.

ఇందాక పాప కూత పెడుతూ వంటింట్లోకొచ్చి, నన్ను తాకి పరిగెత్తింది. ఎప్పుడు బిగబట్టానో తెలియదు, అది గడప దాటాకే ఊపిరి వదిలాను.

క్రికెట్ అన్న మాట కొట్టేశాను. కబడ్డీ అని మాత్రం ఇంకా రాయలేదు...