బొత్తాల డబ్బాలో వంశం

వియ్యపురాలు గారికి నమస్కరించి రాయునది.

ముందుగా నన్ను క్షమించాలి. నా చేతిరాత బాగుండదు. చదువు ఊరి బడితో ఆగిపోయింది, ఒత్తులు వాటికి తోచిన చోట పడతాయి. ఇప్పుడు కళ్ళకి పొర కూడా వచ్చింది. గీత మీద రాస్తున్నాననుకుంటాను, తీరా అది గీత కింద ఉంటుంది. ఎలాగో చదువుకోండి.

కుట్టుపని మానేశాక అబ్బాయి నాకో గాజు తొట్టి కొనిపెట్టాడు. అందులో నాచు, మొక్కలు వేసి చిన్న చేపల్ని పెంచుతున్నాను. కిల్లీ చేపలంటారు. చిటికెన వేలంత ఉంటాయి. మగదానికి ఒంటినిండా ఎర్ర చుక్కలు, రెక్కలకి నీలం అంచు. నా జన్మలో నేను కుట్టిన ఏ గుడ్డకీ అంత చక్కటి అంచు పడలేదు. పాపం, ఏడాది తిరిగేలోపే పోతాయి. పోయే ముందు అడుగున వేసిన కొబ్బరిపొట్టులో గుడ్లు పెడతాయి. ఆ పొట్టుని పిండి, ఆరబెట్టి, బొత్తాల డబ్బాలో దాస్తాను. వానలు వచ్చాక నీళ్ళు పోస్తే పిల్లలు లేస్తాయి. మొన్న చివరి జత పోయింది. తొట్టిలో మొక్కలే మిగిలాయి. వాటి వంశమంతా ఇప్పుడు ఆ గుడ్లలోనే ఉంది.

నాకు కంటి ఆపరేషన్ ఉంది. మాది రేకుల ఇల్లు, ఎండకి పెనంలా కాలుతుంది. మీ గోడ బీరువా చల్లగా ఉంటుందని కోడలు చెప్పింది.

పొట్లం పంపుతున్నాను, జాగ్రత్త. చీకట్లో ఉంచండి. వాన నీళ్ళలో వేయాలి. తొందరపడకూడదు.

ఇట్లు,
మీ వియ్యంకుడు, దర్జీ

తా.క. పొట్లం గుడ్డ నేనే కుట్టాను. సూదిలో దారం పక్కింటావిడ ఎక్కించింది. "కనబడకుండా ఏం కుడతావు తాతా" అంది. చేతికి అన్నీ తెలుసు, కళ్ళతో పని లేదన్నాను.

⁂

అన్నయ్యగారికి నమస్కారాలు.

పొట్లం అందింది. మీ ఉత్తరంలో మొదటి నాలుగు పంక్తులూ, చివరి నాలుగు ముక్కలూ చదివాను. మధ్యది దోమల గుంపు వాలినట్టుంది, వదిలేశాను. ఏం ఫరవాలేదు, డాక్టర్ల చీటీలు చదివి చదివి ఆరితేరినదాన్ని, అసలు సంగతి పట్టేశాను.

ఎంత మంచి మనసండీ మీది. పెళ్ళిలో నా మోకాళ్ళ నొప్పి గురించి చెబుతుంటే తక్కిన మగవాళ్ళంతా ఒక్కొక్కరే జారుకున్నారు. మీరొక్కరే కదలకుండా కూర్చుని తలూపారు. ఊపి ఊరుకోకుండా మందు పంపారు.

వాన నీళ్ళు ఎక్కడ తెచ్చేది? పంపు నీళ్ళే కాచాను. కాన్పుల వార్డులో పనిచేసిన చెయ్యి, ఏదైనా ముందు మరిగించాల్సిందే. మీ పొడి ఒక చెంచా వేసి మరిగిస్తే మంచి రంగు దిగింది. వగరుగా ఉంటే పాలు, చక్కెర కలుపుకున్నాను. దివ్యంగా ఉంది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. మోతాదు సరిపోతుందా?

మీ చెల్లెలు,
కాన్పుల నర్సు (రిటైర్డు)

తా.క. వాసన ఎలా ఉందని అడక్కండి. ఆసుపత్రి ఫినాయిలు పీల్చి నా ముక్కు నాకన్నా ముందే రిటైరయింది.

⁂

చెల్లెమ్మగారికి నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం ఎండలో నిలబడి, భూతద్దం పెట్టి చదివాను. తప్పు చదివానేమోనని ఇంకోసారి చదివాను.

మోతాదు గురించి అడిగారు. తాగకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం. తాగిందేదో తాగారు. మిగిలింది బీరువాలో పెట్టి తాళం వేయండి. మరిగించకండి. ఎందుకని అడక్కండి, కాగితం మీద పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు.

మీ మోకాళ్ళ నొప్పి త్వరగా తగ్గాలని కోరుకుంటున్నాను. ఇంకేదైనా మందు వాడి.

ఇట్లు,
మీ వియ్యంకుడు

తా.క. ఇక్కడ టీ రుచి చెడింది. మట్టి వాసన, పీచు పీచుగా గొంతుకి తగులుతోంది. కొట్టతన్ని అడిగితే, "పొడి మంచిదే తాతా, కళ్ళతోపాటు నాలుక కూడా మార్పించుకో" అన్నాడు. ఇంకో చెంచా ఎక్కువేసి తాగుతున్నాను.

⁂

అన్నయ్యగారికి నమస్కారాలు.

మీ మొహమాటం నాకు తెలుసు. మందు ఖరీదైనదై ఉంటుంది, పైకి చెప్పలేక తాగొద్దంటున్నారు. ఇలాంటి వాటికి నేను లొంగను.

గుణం చెబుతాను వినండి. మంచం దిగడానికి గోడ పట్టుకునేదాన్ని, ఇప్పుడు మేడ మెట్లు ఎక్కి దిగి, ఏదో మర్చిపోయి మళ్ళీ ఎక్కుతున్నాను. నిద్ర మాత్రం పట్టడం లేదు. పట్టకపోతే మాత్రం ఏం, తెల్లారేసరికి బీరువాలన్నీ సర్దేశాను, సర్దినవి తీసి మళ్ళీ సర్దాను. గుండె గుర్రంలా పరుగెడుతోంది. ఈ వయసులో పరుగెత్తేది అదొక్కటైనా ఉంది కదా.

ఇంత గుణమున్నది ఒక్కదాన్నే తాగితే పాపం కదూ. ఎదురింటి టీచరమ్మకి ఇచ్చాను. కుట్టు మిషనావిడకి ఇచ్చాను. ఇద్దరూ ఇంకా కావాలంటున్నారు. పొట్లంలో సగం అయిపోయింది. ఇంకో పొట్లం పంపండి.

మీ చెల్లెలు

తా.క. 1. పై వాటా ఆయనకి కూడా ఒక గ్లాసు పోశాను. తాగి, "ఏముందమ్మా, ఇది అచ్చం టీ" అన్నాడు. మందుకీ టీకీ తేడా తెలియని మనిషి. ఇక జన్మలో ఆయనకి చుక్క పొయ్యను.

తా.క. 2. మీ నోరు చెడింది టీ వల్లే. నైట్ డ్యూటీల్లో వార్డంతా గ్లాసులు పట్టుకు తిరిగినా నేనొక్కదాన్నే ముట్టలేదు. మా ఇంట్లోకి టీ పొడి అడుగు పెట్టి ఎరగదు. ఇవాళే మానేయండి. ఇది నర్సు మాట.

⁂

చెల్లెమ్మగారికి నమస్కరించి రాయునది.

టీ మానేశాను. మీరు చెప్పాక కాదనలేను. డబ్బా మూత బిగించి నీళ్ళ కుండ వెనక్కి నెట్టేశాను.

ఇక మీకు ఒక మాట చెప్పాలి. రెండుసార్లు రాసి చించేశాను. మూడోసారి చించడానికి ఇంట్లో కాగితం లేదు.

ఆ పొట్లంలో ఉన్నది మందు కాదు. చేప గుడ్లు.

నా మొదటి ఉత్తరం ఉంటే మధ్య పంక్తులు ఒకసారి చూడండి. ఆ చేపలు నా దగ్గర ఏటేటా పుడుతూ పోతూ వస్తున్నాయి. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక తొట్టిలో అవి మళ్ళీ తిరుగుతాయన్న ధైర్యంతోనే కత్తికి ఒప్పుకున్నాను. మీ తప్పేమీ లేదు, నా రాతే అలాంటిది. పెళ్ళిలో కూడా మీ మాటలు విని కూర్చున్నానని అనుకున్నారు. నా చొక్కా కుర్చీ మేకుకి పట్టుకుంది. లేస్తే చిరుగుతుంది. దర్జీ చొక్కా చిరిగిందంటే నలుగురిలో ఏం బాగుంటుందని కూర్చున్నాను. కానీ తర్వాత తర్వాత నిజంగానే విన్నాను. ఎడమ మోకాలు ఎక్కువ నొప్పి అన్నారు.

చెంచాడైనా మిగిలి ఉంటే, వెడల్పు గిన్నెలో వాన నీళ్ళు పోసి, అందులో వేసి చూడండి.

ఇట్లు,
తల ఎత్తుకోలేని మీ వియ్యంకుడు

తా.క. వాంతి చేసుకోకండి. అవి శుభ్రమైన చేపలు.

⁂

అన్నయ్యగారికి.

ఉత్తరం చదివాను. వాంతి రాలేదు. వార్డులో నేను చూసినవాటి ముందు ఇదెంత. కానీ ఏడుపొచ్చింది. ఎంతమంది బిడ్డల్ని ఈ చేతులతో పైకి తీసుకొచ్చాను, కాళ్ళు ముందొచ్చినవాళ్ళని కూడా. మీ ఇంటి బిడ్డల్ని పాలు, చక్కెర పోసుకుని తాగాను.

మిగిలింది రెండు చెంచాలు. అదృష్టం కొద్దీ అదే రోజు వాన పడింది. పింగాణీ గిన్నెలో పట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని, పొడి వేసి పక్కనే కుర్చీ వేసుకున్నాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఒక్కటీ కదల్లేదు. పల్చటి గుడ్డలో వడకట్టి, వెలుతురులో భూతద్దం పెట్టి చూశాను. నల్లగా ముడుచుకున్న ఆకు ముక్కల్లాంటివే తప్ప గుడ్డన్నది కనిపించలేదు. పై వాటా ఆయన తొంగిచూసి, "మళ్ళీ టీ పెట్టారా" అన్నాడు. ఆయన్ని తిట్టే ఓపిక కూడా లేకపోయింది. మొదటిసారి, ఆయన మాటే నిజమైతే ఎంత బాగుండు అనిపించింది.

నా చేతుల మీద ఇలాంటిది ఎప్పుడూ జరగలేదు అన్నయ్యగారూ. మీరు నన్ను నాలుగు తిట్టండి. మీరు తిట్టరని తెలుసు, అదే నాకు ఎక్కువ బాధ.

మీ చెల్లెలు

తా.క. మందు ఆపేశాను. తలనొప్పి, ఆవలింతలు. మోకాళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి. మేకు సంగతి అమ్మాయికి చెబితే పడీ పడీ నవ్వింది. ఏ మోకాలో మీకు గుర్తుందని చెబితే మాత్రం నవ్వడం ఆపేసింది.

⁂

చెల్లెమ్మగారికి నమస్కరించి రాయునది.

ఈసారి అక్షరాలు గీత మీద ఉన్నాయి, గమనించారా? ఒత్తుల సంగతి హామీ ఇవ్వలేను. కంటికట్టు విప్పారు. ముందు అద్దం చూసుకున్నాను, అనవసరంగా. గోడ తెల్లగా ఉందని తెలిసింది. పక్కింటావిడ నాకన్నా పెద్దదని తెలిసింది, ఇంతకాలం నన్ను తాతా అంటోంది.

తర్వాత మీ ఉత్తరం చదివాను. చాలా దిగులేసింది. మీ మాట దాటి ఒక్క గ్లాసు టీ తాగుదామని కుండ వెనకనుంచి డబ్బా తీశాను.

చెల్లెమ్మగారూ, నా దగ్గర బొత్తాల డబ్బాలు రెండున్నాయి. రెండూ ఒక్క కంపెనీవి, ఒక్క రంగువి. ఒకదాంట్లో టీ పొడి. ఇంకోదాంట్లో గుడ్లు.

మూత తీస్తే కొబ్బరిపొట్టు. పొట్టులో ఆవగింజకన్నా చిన్న గుడ్లు, గాజుపూసల్లా. ఒక్కొక్కదాంట్లో రెండేసి నల్ల చుక్కలు. అవి కళ్ళు. నాకు కళ్ళు వచ్చేలోపే వాటికి వచ్చేశాయి. అన్నీ నన్నే చూస్తున్నాయి. నేను ముఖం తిప్పుకున్నాను. ఎందుకంటే మీరు మానమనేదాకా ఆ డబ్బాలోంచి చెంచాలు చెంచాలుగా మరిగించుకు తాగింది నేను. ఎక్కువేసి మరీ తాగాను.

మీరు తాగింది టీ. మామూలు టీ. పై వాటా ఆయన మనిషి మంచివాడనుకుంటాను.

కుండ చెమ్మకి డబ్బా చల్లగానే ఉంది. వాన నీళ్ళు పట్టి పోశాను. మర్నాటికి నీళ్ళలో నలకలు. నలకలు ఈదుతున్నాయి. వాటి నోట్లో పట్టే మేత కోసం తిరగడంతో ఈ ఉత్తరం ఆలస్యమైంది. ఇప్పుడు మొక్కల మధ్యకి వదిలాను. నాచులో దాక్కుని, నేను వంగితే బయటికొస్తున్నాయి. మీరు టీ మానేయమని ఆజ్ఞ వేయకపోతే నేను డబ్బా అడుగుదాకా తాగేసేవాణ్ణి. కాబట్టి ఈ కాన్పు కూడా మీ చేతి మీదిదే. మీ చేతికి మచ్చ లేదు.

ఒకసారి వచ్చి బిడ్డల్ని చూసి వెళ్ళండి. మా ఇంటి కుర్చీకీ ఒక మేకు లేచి ఉంటే పీకించాను. ఎప్పుడు వస్తారో వెంటనే జవాబు రాయండి. కోపమొస్తే ఆ ముక్కే రాయండి, అదైనా తొందరగా రాయండి. ఇప్పుడు చదవగలను.

ఇట్లు,
మీ వియ్యంకుడు, దర్జీ

తా.క. ఆ మందు మీరు ఆపకండి, మోకాళ్ళకి నప్పింది. వచ్చేటప్పుడు రెండు చెంచాలు పట్టుకు రండి. కొట్టతనికి ముఖం చూపించలేకపోతున్నాను, ఇంట్లో టీ పొడి లేదు.